తమ పేరు తామే చెప్పుకొనువారు



రేడియోయందు మాటలాడువారి రూపము శ్రోతకు కనబడదు. కనబడకున్నను, మొదటి వాక్యము ముగియకమునుపే, ఆ మాటలాడుచున్నది పురుషుడో స్త్రీయో మన మనస్సు నిర్ణయించివేయును. ఆ నిర్ణయము చేయుమని మనల నెవ్వరును కోరలేదు. చేసితిమన్న స్పృహయు మనకుండదు. కంఠము బొంగురుగా నున్న పురుషుడనియు, సన్నగా నున్న స్త్రీ యనియు ఎంచుకొని ముందుకు సాగిపోవుదుము. అధికసంఖ్యాకుల విషయమున దీనివలన చిక్కు రాదు. కాని తాను స్త్రీనని బాల్యమునుండియు ఎఱిగి, స్త్రీగా జీవించుచు, యౌవనారంభమున బొంగురువోయిన గొంతును మాత్రము మార్చుకొనలేకయున్న యొక వ్యక్తి బ్యాంకునకు ఫోను చేసి తన పేరు చెప్పగా, "ఆవిడకే ఇవ్వండి ఫోను, మీతో చెప్పకూడదు" అని అవతలివారనినప్పుడు, ఆమె ఏమని సమాధానము చెప్పవలెను? పుట్టిననాడు ఇతరులు నిర్ణయించిన లింగముతో అంతరంగము పొసగనివారు తమ్ము తాము ఏమని చెప్పుకొందురు, ఏ మాటలు వాడుదురు, ఆ మాటలు ఎక్కడనుండి వచ్చినవి, వానిని మనము ఎట్లు స్వీకరింపవలెను అనునదియే నేటి ప్రసంగవిషయము.

మనిషి మంచిదైన చాలును, పిలుపులో నేమున్నది అని సెలవిచ్చు పెద్దలు కొందఱు కలరు. పేరు అల్పవిషయమని కోనసీమవారితో చెప్పుట మాత్రము కష్టము. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన జిల్లా ఏర్పడినప్పుడు దానికి కోనసీమ యని మాత్రమే పేరుండెను. అంబేడ్కరు మహాశయుని పేరు చేర్పవలెనని ఒక పక్షమువారును, కూడదని మరియొక పక్షమువారును పట్టుబట్టిన ఫలముగా, మే 24వ తేదీన అమలాపురము వీథులలో నిప్పు రగిలి, మంత్రి యిల్లును శాసనసభ్యుని యిల్లును దగ్ధమైనవి. ఆ హింస మనకు తలవంపు. ఐనను ఆ యేడే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా యను నామము స్థిరపడినది. ఆ పేరు విన్నప్పుడెల్ల తలయెత్తుకొని నడచువారు ఈ సీమలో వేలసంఖ్యలో నున్నారు. జిల్లాకు పెట్టిన పేరు ఇందఱి గౌరవముతో ముడివడియున్నప్పుడు, ఒక మనిషి తన్ను గూర్చి తాను చెప్పుకొను పేరు ఆ మనిషి గౌరవముతో ముడివడియుండదని ఎట్లనగలము?

ఈ విషయమున మన భాష మనకు కొంత మేలు చేసినది, కొంత కీడు చేసినది. మేలు ముందు చెప్పెదను. గోదావరిమండలములవారి మాటతీరు తెలుగుదేశమంతట ప్రసిద్ధము. కొబ్బరితోటలో దింపు కార్మికుడు తోటయజమానితోను, బడిపిల్ల పంతులుగారితోను, కొట్టువాడు బేరమునకు వచ్చిన క్రొత్తమనిషితోను "ఆయ్, రండి, కూర్చోండి, చెప్పండి" అనియే పలుకుదురు. ఆ "అండి" స్త్రీకి వేరు, పురుషునకు వేరు కాదు. "గారు" అనునదియు అట్టిదే. "మీరు", "వారు" అనునవియు అట్టివే. ఉత్తమపురుషమున మన క్రియకు లింగభేదమే లేదు; "నేను వచ్చితిని" అని స్త్రీయైనను పురుషుడైనను ఒక్కతీరుననే యనును. హిందీ మాటలాడువారికి ఈ సౌలభ్యము లేదు. వారు తమ రాకపోకలను గూర్చి పలుకు దాదాపు ప్రతివాక్యమునందును తాము స్త్రీయో పురుషుడో క్రియాంతముననే ప్రకటింపవలెను. కాశీపట్టణములోని హిజ్రాలు మాటలాడు హిందీని 1990 దశకమున పరిశీలించిన కీరా హాల్ అను భాషాశాస్త్రజ్ఞురాలు, వారు సందర్భమునుబట్టి ఒకమారు స్త్రీలింగమును మరియొకమారు పుంలింగమును వాడుటను సవిస్తరముగా వర్ణించినది. గ్రాంథికభాషలో మనకింకొక వెసులుబాటు కలదు: "అతడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను" అని భూతకాలమున ప్రథమపురుషైకవచనమును మువ్వురకు నొక్కటియే.

కీడు ఎక్కడ వచ్చినదనగా, ఎదుట లేనివారిని గౌరవము విడిచి ఏకవచనమున పేర్కొనునప్పుడు. నిత్యవ్యవహారమున "వచ్చాడు" అనవలెను, లేదా "వచ్చింది" అనవలెను. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహద్వాచకములు, మహతీవాచకములు, అమహద్వాచకములు అని విభాగముచేసిన విషయము చదువుకొన్నవారెఱుగుదురు. ఏకవచనమున స్త్రీని జడపదార్థముతో కలిపి యొకే క్రియారూపమున చెప్పుట మన భాషాసంప్రదాయము. ఆ "అది" అను మాటనే హిజ్రాను గూర్చి పలుకునప్పుడు మనవారు ఒక విధమైన విరుపుతో ప్రయోగింతురు. బస్సులోనో, కొట్టుముందరనో, "అదిగో వచ్చాడు, కాదు వచ్చింది, ఏదో ఒకటి" అని నలుగురిలో నవ్వుకొనుట మీరును వినియేయుందురు. ఆ నవ్వు వినవలసినవారి చెవిని పడకపోదు. "వారు వచ్చిరి" అనుటకు మనకు ఒక్క అక్షరమైనను అదనపు శ్రమ లేదు.

ఇక పేర్లు. మన ప్రాచీనులకు ఇట్టివారు తెలియరని యనుకొనుట పొరపాటు. అమరసింహుడు తన నిఘంటువున తృతీయాప్రకృతి యనియు, క్లీబుడనియు, షండుడనియు, పండుడనియు, నపుంసకుడనియు పర్యాయములు చెప్పినాడు. తిక్కనసోమయాజి విరాటపర్వమున అర్జునుడు బృహన్నల యను పేర పేడిరూపమున విరాటుని కొలువుచేరి ఉత్తరకు నాట్యము నేర్పుట తెలుగువారికి కంఠస్థమైన కథ. కాని ఈ పదములనన్నిటిని ఒకచోట చేర్చి చూచినయెడల ఒక సత్యము బయటపడును: ఇవి యన్నియు బయటనుండి చూచినవారు పెట్టినవి. వానిలో పెక్కు ఒక లోపమును పేర్కొనును. బీజశక్తి లేనివాడు, సంతానము కనలేనివాడు, మగతనము కొఱవడినవాడు. ఆ పదములతో పిలువబడినవారు తమ్ము తాము ఏమని పిలుచుకొనిరో ఆ నిఘంటువులు అడుగలేదు. బృహన్నలకైనను ఆ పేరు ఏడాది గడువు గల అజ్ఞాతవాసమునకు కుదిరిన పేరే గాని ఆజన్మము మోయవలసిన పేరు గాదు.

రాజ్యము పేరు పెట్టిన విధము ఇంతకన్న కఠినము. నిజాము ప్రభుత్వము 1329 ఫసలీయందు, అనగా 1919లో, హైదరాబాదునగరమున నివసించు నపుంసకుల పేర్లను రిజిస్టరున నమోదుచేయవలెనని చట్టము చేసినది. నపుంసకుడనగా నెవ్వడు? తానే యొప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో తేలినవాడు. అట్లు నమోదైనవాడు స్త్రీవేషమున వీథిలో కనబడినను, ఆభరణములు ధరించినను, బహిరంగస్థలమున ఆడినను పాడినను వారంటులేకయే నిర్బంధింపవచ్చును. నిజాము పోయినను, స్వాతంత్ర్యము వచ్చినను, రాష్ట్రములు కలిసి విడిపోయినను ఆ శాసనము గ్రంథములందు నిలిచియే యుండెను. హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మున్నగువారు న్యాయస్థానము నాశ్రయింపగా, 2023 జూలై 6వ తేదీన తెలంగాణ ఉన్నతన్యాయస్థానము అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. ఒక శతాబ్దికి పైగా ఒక సమూహముయొక్క పేరు పోలీసు రిజిస్టరులోని శీర్షికగా నుండెను! "కొజ్జా" అని ఈనాడు మనవారు తిట్టుగా వాడు మాటకు మూలము ఖ్వాజా యను పారసీకపదమే. అది ప్రభువనియు, అంతఃపురాధికారి యనియు గౌరవార్థమున వాడిన మాట. పాకిస్తానులో ఈ సమూహమువారు నేటికిని ఖ్వాజాసరా యని తమ్ము తాము సగర్వముగా చెప్పుకొందురు. ఒకే మాట అచ్చట బిరుదు, ఇచ్చట తిట్టు. కావున మంచి మాట, చెడ్డ మాట యని నిఘంటువును చూచి నిర్ణయించుటకు వీలులేదు; ఎవరిని గూర్చి ఆ మాట పుట్టినదో వారినే అడుగవలెను.

అడిగినవారు లేకపోలేదు. గాయత్రీరెడ్డి యను మానవశాస్త్రజ్ఞురాలు హైదరాబాదు సికిందరాబాదు నగరములందు హిజ్రాలతో కలసిమెలసి తిరిగి, వారి మాటలను వారి నోటనే విని వ్రాసిన ఆంగ్లగ్రంథము 2005లో చికాగో విశ్వవిద్యాలయమువారిచే ప్రచురితమైనది. అది చదివినప్పుడు, మనము ఒక్క పేరుతో గుంపుకట్టి చూచువారిలో ఎన్ని తెగలు, ఎన్ని సూక్ష్మభేదములు కలవో తెలియును. కోతి యనునది విశాలమైన పేరు. ఈ పదమునకును తెలుగు వానరమునకును సంబంధము లేదు. చీరకట్టక పంట్లాము చొక్కా తొడుగుకొని తిరుగువారు కడాచాట్లా కోతులు. దైవమునకు అంకితమైనవారు జోగినులు, శివసతులు. గురువుచెంత దీక్షగొని, సమూహనియమములకు లోబడి, చీరకట్టి జీవించువారు హిజ్రాలు. హిజ్రాలలోనే మరల, శుభకార్యములకు వచ్చి దీవించి కానుకలు పుచ్చుకొనువారికి ఒక స్థానము, ఇతరులకు మరియొక స్థానము. శస్త్రచికిత్స చేయించుకొనుటను వారు నిర్వాణమందురు. చేయించుకొననివారికి వేరే పేరు కలదు. ఈ భేదములకన్నిటికిని వారు చెప్పు కొలబద్ద "ఇజ్జత్", అనగా మానమర్యాద. ఎవరు ఏ బట్ట కట్టిరి, ఎవరి గురువు ఎవరు, ఎవరు ఏ పనిచేసి పొట్టపోసుకొందురు అనువానినిబట్టి ఆ మర్యాద యేర్పడునే గాని, వైద్యుని పరీక్షనుబట్టి గాదు. దైవమునకు అంకితమైన శివశక్తుల ప్రసక్తి, మున్ముందు చెప్పబోవు 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పునందును కలదు. ఆంధ్రప్రదేశమున దేవతావేశము గలవారుగాను, సోదె చెప్పువారుగాను వారిని ఆ తీర్పు పేర్కొన్నది.

ఇట్టివారి మాటను తెలుగు పాఠకులకు చేర్చిన పుణ్యము పి. సత్యవతిగారిది. ఎ. రేవతి తమిళనాట పుట్టి, ఇల్లు విడిచి, హిజ్రాలలో చేరి, అనంతరము ఉద్యమకార్యకర్తయై వ్రాసికొన్న జీవితకథను సత్యవతిగారు "ఒక హిజ్రా ఆత్మకథ" యను పేర తెలిగించిరి. ఆ యనువాదమునకు 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాదపురస్కారము లభించెను. కోనసీమలోని ప్రతి శాఖాగ్రంథాలయమునందును ఆ పుస్తకము ఉండవలెనని నా కోరిక. తమిళులు ఈ పేర్ల విషయమున మనకన్న ముందు నడచిరి. కూవాగమున తమిళుల చిత్తిరై మాసమందు జరుగు కూత్తాండవరు ఉత్సవమున అరవానుని వరించు వారు గనుక అరవాణి యను పేరు మొదట వ్యాప్తిలోనికి వచ్చెను; పిదప, పురాణకథలోని విధవగా తమ్ము తాము చెప్పుకొన నిచ్చగింపనివారు తిరునంగై యను గౌరవపదమును ఆదరించిరి. స్త్రీగా పుట్టినట్లు నమోదై పురుషులుగా జీవించువారికి తిరునంబి యను జోడుపదము కూడ ఏర్పడినది. 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ఇట్టి పదములతో నొక కోశమును రాజపత్రమునందే ప్రకటించినది. ఉన్నతన్యాయస్థానము ఆజ్ఞ యొకవైపునను, ఆ సమూహముల వారి అభిప్రాయము మరియొకవైపునను దానికి ఆధారమైనవి.

తెలుగున ఇప్పుడు విద్యావంతులైన యువజనులు ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు అను మాటలు వాడుచున్నారు. ట్రాన్స్‌జెండర్ అను ఆంగ్లపదము అందఱికిని కలిపి చెప్పునది. వీరిలో కొందఱు హిజ్రా యను పేరును గర్వముగా ధరింతురు. కొందఱు, తాము ఏ గురువుచెంతను చేరలేదు గనుక ఆ పేరు తమకు చెల్లదందురు. మరికొందఱు ఏ విశేషణమును అక్కఱలేదు, స్త్రీ యనిన చాలునందురు. మువ్వురి మాటయు నిజమే. పత్రికలవారు తఱచుగా వ్రాయు "లింగమార్పిడి చేయించుకున్నవారు" అను మాట మాత్రము అనేకులకు నచ్చదు; ఏలయన అందఱును శస్త్రచికిత్స చేయించుకొనరు, చేయించుకొన్నవారును దానితోనే తాము స్త్రీలమైతిమని యనుకొనరు. "మూడవ లింగము" అనునప్పుడు, మొదటిది రెండవది ఎవరు లెక్కించిరి అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న నాకు న్యాయముగానే తోచుచున్నది.

ట్రాన్స్ పురుషుల విషయము మనలో మరింత మరుగుపడినది. పల్లెలో ఆడపిల్ల చెట్లెక్కి, ఈతకొట్టి, సైకిలు త్రొక్కుచు తిరిగిన "మగరాయుడు" అని ముద్దుగానే యందుము. ఆ ముద్దు పదునాల్గేండ్ల వఱకే. పిదప సంబంధములు చూచుట మొదలగును. అప్పుడు "నేను నిజముగానే అబ్బాయిని" అని ఆ బిడ్డ నోరు విప్పినయెడల, వినుటకు ఇంటిలో నెవ్వరు నుండరు. ట్రాన్స్ మహిళలకు, ఎంత కష్టమైనను, గురుపరంపర యొకటి కలదు; ఇల్లు విడిచివచ్చిన పిల్లను కూతురుగా చేర్చుకొను గురువమ్మ యుండును. వీరికి అట్టి ఆశ్రయమైనను లేదు. రెండు లింగములలో దేనియందును ఇమడమని చెప్పువారు నాన్‌బైనరీ, జెండర్‌క్వియర్ అను పేర్లు గ్రహించిరి. పుట్టుకతోనే శరీరలక్షణములందు భేదముగల ఇంటర్‌సెక్స్ వారి స్థితి వేరు. వారిలో పెక్కుమంది తమ్ము తాము కేవలము స్త్రీలనియో పురుషులనియో చెప్పుకొందురు. ఎవరిని ప్రేమింతురనునది ఈ విషయమునకు సంబంధింపని వేరు ప్రశ్న. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 మేనెలలో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలుజరిపిన రోగవర్గీకరణమున లింగవైషమ్యమును, అనగా పుట్టినప్పుడు నమోదైన లింగముతో అంతరంగము పొసగకపోవుటను, మానసికరోగముల పట్టికనుండి తొలగించినది. భూతవైద్యులయొద్దకు పిల్లలను ఈడ్చుకొనిపోవు తలిదండ్రులు ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను.

స్త్రీయు పురుషుడును ఒక్కమూర్తియందే యుండవచ్చునను ఊహ కోనసీమవారికి క్రొత్తదేమియు కాదు. పూతరేకులకు పేరెన్నికగన్న ఆత్రేయపురము మండలముననే ర్యాలి గ్రామము కలదు. అచ్చటి జగన్మోహినీ కేశవస్వామి మూర్తి ఏకశిలానిర్మితము. గర్భాలయమున ముందు నిలిచి చూచిన శంఖచక్రగదాధరుడైన కేశవుడు దర్శనమిచ్చును. అర్చకులు భక్తులను వెనుకవైపునకు కొనిపోయి దీపమెత్తి చూపుదురు. అదే శిలయందు, అదే మూర్తికి, వెనుక కొప్పుముడియు, ఆభరణములును, స్త్రీశరీరపు ఒంపును కనబడును. కాలిమీద పద్మినీజాతిస్త్రీకి లక్షణముగా చెప్పు పుట్టుమచ్చను సైతము వ్రేలుపెట్టి చూపుదురు. మోహిని సిగలోని పూవు రాలినచోటు గనుక ర్యాలి యైనదని స్థలపురాణము. ముందునకు వెనుకకు నడుమ గీతగీసి, ఇక్కడికి పురుషుడు ముగిసెను, ఇక్కడనుండి స్త్రీ మొదలాయెను అని చూపగల శిల్పి లేడు. ఆ దర్శనము చేసికొని చేతులు జోడించి వచ్చినవారే, దారిలో నొక ట్రాన్స్ మహిళ ఎదురైనప్పుడు ముఖము త్రిప్పుకొందురు. భక్తియందు లోపమున్నదని నేననను. ఆలయమున చూచినదానిని వీథిలో గుర్తింపకపోవుటయందు లోపమున్నది.

వేషమునకును స్వభావమునకును గల భేదమును కూడ ఇచ్చట చెప్పవలెను. స్థానం నరసింహారావుగారు రంగస్థలముపై స్త్రీపాత్రలను ధరించి 1956లో పద్మశ్రీ పొందిరి. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా జడవిసరిన తీరును చూచి స్త్రీలే ముగ్ధులైరి. వారు వేషము తీసిన పిదప పురుషులే, వారే యట్లు చెప్పుకొనిరి. ట్రాన్స్ మహిళ చీరకట్టినప్పుడు ధరించినది వేషము గాదు; ఇంటివారి బలవంతమున చొక్కా తొడిగి గడపిన యేండ్లే ఆమెకు వేషము. నటుని మాట నటుని నుండియు, ఆమె మాట ఆమెనుండియు తెలిసికొనుటయే గాని, పైబట్టనుబట్టి ఇరువురను ఒక్కగాటకట్టుట న్యాయము గాదు.

ఎవరి మాట వారినుండియే తెలిసికొనవలెనను ఈ సత్యమును ప్రభుత్వసంస్థలును న్యాయస్థానములును అంగీకరించుటకు కాలము పట్టినది. ఎన్నికలసంఘము 2009లో "ఇతరులు" అను వర్గమును ఓటర్ల జాబితాలో చేర్చెను. 2011 జనాభా లెక్కలలో దేశమంతట 4,87,803 మంది అట్టి వర్గమున లెక్కకు వచ్చిరి, వారిలో 43,769 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశమువారు. "ఇతరులు" అనుట పేరు గాదు, పేరు లేకపోవుట. 2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీ గారలు ఇచ్చిన నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికారసంస్థ) తీర్పు, స్త్రీయనియో పురుషుడనియో తృతీయలింగమనియో తమ్ము తాము నిర్ణయించుకొను హక్కు వ్యక్తిదే యనియు, దానికి శస్త్రచికిత్స షరతు పెట్టరాదనియు చెప్పెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2017 డిసెంబరులో వీరికొఱకు విధానమును ఆమోదించి నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించెను.

కాని 2019 నాటి పార్లమెంటు చట్టమును, దాని ననుసరించిన 2020 నాటి నిబంధనలను జాగ్రత్తగా చదువుడు. చట్టము వచ్చిననాటి రూపమున, స్వయంగృహీతమైన లింగమునకు హక్కు కలదని యొక సెక్షను చెప్పెను. దరఖాస్తు పెట్టవలసియుండినది జిల్లా మేజిస్ట్రేటునకు, అనగా మన జిల్లాలో అమలాపురము కలెక్టరుకార్యాలయమున. దరఖాస్తుతో ప్రమాణపత్రము, ముప్పది దినములలో ధ్రువపత్రము, వైద్యపరీక్ష అక్కఱలేకుండెను. ఇంతవఱకు బాగుగానే యుండెను. ఐతే ఆ పత్రముమీద వ్రాయుచుండిన మాట "ట్రాన్స్‌జెండర్" అనియే. నేను స్త్రీని, నా పత్రమున స్త్రీ యనియే వ్రాయుడని కోరు మనిషి, చట్టము చెప్పినట్లు శస్త్రచికిత్స చేయించుకొని, వైద్యాధికారి పత్రము తెచ్చి, సవరించిన ధ్రువపత్రమునకు మరల దరఖాస్తు పెట్టవలసియుండెను. సుప్రీంకోర్టు తెఱచిన తలుపును చట్టము సగము మూసినది. శస్త్రచికిత్సకు డబ్బులేనివారును, ఆరోగ్యము సహింపనివారును, అది తమకు అక్కఱలేదని నిశ్చయించుకొన్నవారును తమ మాట కాని మాటను జేబులో పెట్టుకొని తిరుగవలసివచ్చెను. అర్జెంటీనా 2012లోనే వైద్యుని ప్రమేయములేకుండ స్వయంప్రకటననే ఆధారముగా గైకొన్నది. ఇది సాధ్యము గాని పని గాదు.

2025 జూన్ నెలలో ఆంధ్రప్రదేశ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి వెంకట జ్యోతిర్మయి ప్రతాపగారు ఇచ్చిన తీర్పు ఈ విషయమున స్మరణీయము. భర్తయు అత్తవారును హింసించిరని యొక ట్రాన్స్ మహిళ ఫిర్యాదు చేయగా, ఆమె బిడ్డలను కనలేదు గనుక సంపూర్ణస్త్రీ గాదనియు, భార్యను హింసించుటను శిక్షించు 498ఎ సెక్షను ఆమెకు వర్తింపదనియు ప్రతిపక్షమువారు వాదించిరి. సంతానశక్తియే స్త్రీత్వమనుట రాజ్యాంగసమ్మతము గాదనియు, ఆ సెక్షను క్రింద ఫిర్యాదు చేయుటకు ఆమెకు హక్కు కలదనియు న్యాయమూర్తి నిర్ధారించిరి. ఆరోపణలకు తగిన ఆధారములు లేవని ఆ కేసు కొట్టివేయబడినమాటయు నిజమే. ఐనను, ఆ వాదము నిలిచియుండిన, పిల్లలులేని ప్రతి స్త్రీకిని అది తగిలెడిది.

ఐతే చట్టమునకన్న కఠినమైన కచ్చేరి మన యిల్లు. తెలుగు ఇండ్లలో నెవ్వరును పేరుతో మాత్రమే పిలువబడరు. వరుస లేక మనకు మాట సాగదు. ఆ వరుసలన్నియు లింగమునుబట్టి నడచును. ఒక యింట ఇరువురు బిడ్డలున్నారనుకొనుడు. అక్కకు పెండ్లియై కూతురు పుట్టినది. తమ్ముడని యనుకొన్న బిడ్డ కొన్నియేండ్లకు తాను స్త్రీనని చెప్పెను. నిన్నటివఱకు మేనమామ, నేడు పిన్ని. మేనమామయనగా మేనరికము కలుపుకొను వరుస. పిన్నియనగా తల్లి తరువాత తల్లి. ఆ మేనకోడలి పెండ్లిలో వధువును వెదురుబుట్టలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చుట మేనమామల పని. ఆనాడు బంధువులందఱి యెదుట ఆమెను పంచెకట్టి బుట్టపట్టుమనవలెనా, లేక పట్టుచీరకట్టి పెండ్లికూతురిని అలంకరించు ముత్తైదువలలో నిలువుమనవలెనా? కొన్ని యిండ్లలో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేక, అసలు శుభలేఖయే ఇవ్వరు. మరికొన్ని యిండ్లలో చిన్నపిల్లలు పెద్దలకన్న ముందే "పిన్నీ" అని పిలిచి చిక్కు విప్పివేయుదురు. ఇల్లు వెలివేసినవారికి హిజ్రాసమూహము మరియొక యింటిని కట్టియిచ్చినది: గురువు తల్లి, శిష్యురాలు చేలా, గురువుయొక్క గురువు నానీ. వరుసలు లేక తెలుగుమనిషి బ్రదుకలేదు. మనము ఇవ్వకపోయిన వారు కల్పించుకొనిరి.

కావున ఈ ప్రసంగము వినుచున్న తలిదండ్రులకు నా మనవి: మీ బిడ్డ తన్ను గూర్చి యొక మాట చెప్పినప్పుడు, వెంటనే కాదనక, ఆ మాట పూర్తిగా వినుడు, ఏ వరుసతో పిలిపించుకొన కోరునో అడుగుడు, ఆ బిడ్డను శుభకార్యములకు దూరము చేయకుడు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందలి ఉపాధ్యాయులకు మనవి: హాజరుపట్టికలోని పేరు పాతదైనను, తరగతిలో పిల్లవాడో పిల్లయో కోరిన పేరుతో పిలువుడు. సచివాలయములందును ఆసుపత్రులందును పనిచేయు సోదరసోదరీమణులకు మనవి: లింగమను గడి వచ్చినప్పుడు ముఖము చూచి నింపక, "మీకేమని వ్రాయమంటారండీ" అని అడుగుడు, అడిగి, వారు చెప్పినదే వ్రాయుడు. మన తెలుగు విశ్వవిద్యాలయములును పత్రికాసంపాదకులును ఈ సమూహములవారిని కూర్చుండబెట్టుకొని, వారు ఒప్పుకొన్న మాటలతో నొక తెలుగు పదకోశమును సిద్ధపఱుపవలెను. ఆ కూర్పునందు వారికి సగము స్థానములకు తక్కువ ఇవ్వరాదు.